లారీ ఇంజన్‌ని అరగదీసేది ఏది?

విజయవాడ ఆటోనగర్‌లోనైనా గాజువాకలోనైనా ఇంజన్ దించి హెడ్ ఎత్తగానే మెకానిక్ మొదట చేసే పని, లైనర్ పైఅంచుకి కాస్త కిందగా గోరు పెట్టి చూడటం. గోరు చిన్న గట్టుకి తగిలి ఆగిందంటే ఇంజన్ బోరుకొచ్చినట్టే. బోర్ గేజీ తరవాత వస్తుంది, లెక్క రాసుకోవడానికి. ఈ గట్టు ఎప్పుడూ ఒకే చోట పడుతుంది. పిస్టన్ పైకెళ్లి ఆగి వెనక్కి తిరిగే చోట, పై రింగు ఒక్క క్షణం నిలబడే గీత దగ్గర. లైనర్ నడుమ మాత్రం లక్షల కిలోమీటర్లు తిరిగాక కూడా ఆయిల్ నిలవడానికి కొత్తలో గీసిన హానింగ్ గీతలు కనపడుతుండొచ్చు. అదే ఇనుము, అదే ఆయిలు, అదే డ్రైవరు. అరుగుదల మాత్రం ఆ సన్నటి పట్టీలోనే. డీజిల్ ఇంజన్ల అరుగుదల మీద ఇన్నేళ్లుగా జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఆ పట్టీ అక్కడే ఎందుకు పడుతోందో తేల్చుకోవడానికి చేసిందే.

సూత్రం తేలి చాలాకాలమైంది. 1880లలో బ్రిటన్‌లో బోషాం టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, ఆయిల్ పోయడానికి బేరింగ్ నెత్తిన ఒక రంధ్రం వేశాడు. ఇరుసు తిరగడం మొదలవగానే ఆయిలు లోపలికి పోవడం మాని ఆ రంధ్రంలోంచి పైకి తన్నుకొచ్చింది. కొయ్య బిరడా కొడితే బిరడా ఎగిరిపోయింది. తిరిగే ఇరుసే ఆయిలును ఒత్తిడితో ఇరికించుకుని దాని మీద తేలుతోందని అర్థమైంది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. 1902లో జర్మనీలో రిచర్డ్ స్ట్రైబెక్, వేగమూ బరువూ ఆయిల్ చిక్కదనమూ మారుతుంటే ఆ పొర ఎప్పుడు నిలుస్తుందో, ఎప్పుడు తెగుతుందో కొలిచి చూపించాడు. వేగం ఉన్నంతసేపూ లోహం లోహాన్ని తాకదు. వేగం సున్నా అయ్యే చోట, అంటే పిస్టన్ తిరిగే ఆ గీత దగ్గర, పొర ఒక మైక్రాను కన్నా పలచబడుతుంది. మన తల వెంట్రుక డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ పలచదనం తెలుస్తుంది. పైగా సరిగ్గా అప్పుడే మంట అంటుకుని, ఆ వాయువుల ఒత్తిడి రింగును వెనకనుంచి లైనర్‌కేసి అదుముతుంది.

ఇక్కడితో కథ అయిపోతే ఇంజన్లన్నీ ఒకే వేగంతో అరగాలి. అలా జరగడం లేదు. ఒకే కంపెనీ ఇంజన్ ఒకచోట పది లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది, మరోచోట రెండు లక్షలకే పొగ వదులుతూ ఆయిల్ తాగుతుంది. ఇంజన్ తిరగడం వల్ల అరిగేది నిజానికి కొద్ది. లోపలికి రాకూడనిది వచ్చినందువల్లా, ఉండాల్సిన వేడి లేనందువల్లా అరిగేదే ఎక్కువ. పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచే తీర్పు ఇదే. ఇంకొకటి కూడా కనపడుతుంది. గంధకం ఉన్న డీజిల్ కాలంలో ఇంజన్ అరిగిన చోట్లు వేరు, బీఎస్-6 ఉద్గార ప్రమాణాల కాలంలో అరిగే చోట్లు వేరు. మన షెడ్లలో అలవాట్లు మాత్రం పాత చోట్లనే కాపలా కాస్తున్నాయి.

మొదటి ముద్దాయి దుమ్ము. ఆరు లీటర్ల ఇంజన్ నిమిషానికి రెండు వేల సార్లు తిరుగుతుంటే, టర్బో లేకపోయినా నిమిషానికి ఆరు వేల లీటర్ల గాలి పీలుస్తుంది. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. గంటకు అయిదు వందల ఘనపు మీటర్లు అనుకుందాం. క్వారీ దారిలో ముందు టిప్పర్ లేపిన దుమ్ములో ఘనపు మీటరుకి పదో వంతు గ్రాము ఉందనుకుందాం. పది గంటల డ్యూటీలో అరకిలో దుమ్ము ఫిల్టర్ దాకా వస్తుంది. ఫిల్టర్ 99.9 శాతం పడితే లోపలికి పోయేది అరగ్రాము. 99 శాతం పడితే అయిదు గ్రాములు. కాగితం మీద ఒక్క శాతం కూడా తేడా లేదు. లైనర్‌కి మాత్రం పదింతలు.

దుమ్మంతా ఒకటి కాదు. గోదావరి ఇసుక, కరీంనగర్ గ్రానైట్ పొడి, మామూలు మట్టిరోడ్డు దుమ్ము, వీటన్నిటిలోనూ క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7. పోత ఇనుము లైనర్ 4, 5 మధ్య ఉంటుంది. పిడుగురాళ్ల సున్నపురాయి పొడి గట్టిదనం 3, మంగంపేట ముగ్గురాయిది 3 నుంచి 3.5. ఇవి ఫిల్టర్‌ని త్వరగా పూడ్చేస్తాయిగానీ ఇసుకలా గీయవు. చీమకుర్తి బంగారు చుక్కల నల్లరాయి సంగతి వేరు. వ్యాపారంలో గ్రానైట్ అని అమ్ముడుపోయినా, భూగర్భశాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి. క్వార్ట్జ్ అందులో ఉన్నా లేనట్టే. అలాగని అక్కడి లారీలు బతికిపోయినట్టు కాదు. ఆ రాతిలోని ఖనిజాల గట్టిదనం కూడా 5 నుంచి 6 దాకా ఉంటుంది, ఇక దారి దుమ్ములో క్వార్ట్జ్ ఎలాగూ ఉంటుంది. ఫిల్టర్లను పరీక్షించే ప్రామాణిక దుమ్ము మొదట అమెరికాలో అరిజోనా ఎడారి లోయనుంచి తెచ్చింది. అదీ క్వార్ట్జ్ నిండిన దుమ్మే కాబట్టి, ఫిల్టర్ పెట్టె మీద రాసిన శాతాలు మన ఇసుక లారీలకి వర్తించవని అనడానికి లేదు.

వర్తించకుండా చేసేది మన చెయ్యి. కాగితం ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పుడు కాస్త తక్కువ పడుతుంది. దాని మీద సన్నటి దుమ్ము పొర కట్టాక ఆ పొరే రెండో ఫిల్టర్‌లా పనిచేస్తుంది. అంటే మంచి పని చేస్తున్న రోజుల్లోనే మనవాళ్లు దాన్ని బయటికి తీసి, టైరుకేసి కొట్టి, కంప్రెసర్ గాలి పెడతారు. పొర పోతుంది, కాగితం మడతల్లో కంటికి కనపడని చిరుగు పడుతుంది, పెట్టె మూత తీసిన ప్రతిసారీ కొంత దుమ్ము శుభ్రమైన వైపు రాలుతుంది. ఈ అలవాటు అజ్ఞానం వల్ల పుట్టింది కాదు. పాత లారీలకి ఆయిల్ బాత్ క్లీనర్ ఉండేది. దాన్ని రోజూ విప్పి, బురద పారబోసి, కొత్త ఆయిల్ పోయడమే సరైన పద్ధతి. చేతులు ఆ పని నేర్చుకున్నాయి. పెట్టెలో సరుకు మారినా చేతులు మారలేదు. ఇప్పటి లారీల్లో ఫిల్టర్ ఎంత పూడిందో చెప్పే ఇండికేటర్ ఉంటుంది. అది ఎర్రబడేదాకా పెట్టె ముట్టుకోకపోవడమే మేలు. లోపలుండే చిన్న సేఫ్టీ ఫిల్టర్‌ని కడగడం, ఊదడం ఎప్పుడూ పనికిరాదు, మార్చడమే.

నా దృష్టిలో ఫిల్టర్ కన్నా పెద్ద అపాయం ఫిల్టర్ తరవాత వచ్చే రబ్బరు గొట్టం. అది బీటలు వారినా, క్లాంపు వదులైనా దుమ్ము నేరుగా టర్బోలోకి, అక్కడినుంచి సిలిండర్‌లోకి పోతుంది. గొట్టం విప్పి లోపల వేలితో తుడిస్తే శుభ్రంగా ఉండాలి. వేలికి సన్నటి బూడిద అంటిందంటే, ఎంత ఖరీదైన ఆయిలు పోసినా ఆ ఇంజన్‌ని కాపాడలేదు. కొత్త లైనర్లూ రింగులూ వేయించుకుని, పాత గొట్టంతోనే మళ్లీ బిగించుకుని వెళ్లే బళ్లు మన షెడ్లలో తక్కువేం కాదు.

ఆయిల్‌లో చేరిన మట్టి విషయంలో తరచు చెప్పే ప్రయోగం 1988 నాటిది. అమెరికాలో జనరల్ మోటార్స్ ఇంజనీర్లు డీజిల్ ఇంజన్ ఆయిల్‌కి రకరకాల ఫిల్టర్లు పెట్టి చూశారు. 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్ల దానితో అరుగుదల సగమైంది, 15 మైక్రాన్ల దానితో 70 శాతం తగ్గింది. ఫిల్టర్ అమ్మేవాళ్ల కరపత్రాల్లో ఈ అంకెలు ఇప్పటికీ తిరుగుతుంటాయి. అది త్వరగా ఫలితం రావడానికి ఆయిల్‌లో కావాలని దుమ్ము కలిపి చేసిన పరీక్ష అన్న మాట మాత్రం కరపత్రాల్లో ఉండదు. హైవే మీద నడిచే బండికి అంత తేడా కనపడుతుందని నేను అనుకోను. కానీ అసలు సంగతి గట్టిదే. ఆయిల్ పొర మందంతో సమానంగా ఉండే రేణువే ఎక్కువ చేటు. పెద్ద రేణువు సందులోకి దూరదు, మరీ చిన్నది పొరలో కొట్టుకుపోతుంది. రెండు నుంచి ఇరవై మైక్రాన్ల మధ్యది మాత్రం రింగుకీ లైనర్‌కీ, షాఫ్టుకీ బేరింగుకీ మధ్య ఇరుక్కుని రెండిటినీ గీస్తుంది.

మామూలు ఆయిల్ ఫిల్టర్ ఆ చిన్న రేణువుల్ని పూర్తిగా పట్టలేదు. పట్టేంత సన్నగా చేస్తే ఆయిల్ పారదు. అందుకే పెద్ద ఇంజన్లకి పక్కన బైపాస్ ఫిల్టరో, ఆయిల్ ఒత్తిడితోనే గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజో పెడతారు. ఆయిల్‌లో కొంత భాగాన్ని మాత్రమే తీసుకుని నిదానంగా శుభ్రం చేస్తాయవి. ఇక నకిలీ ఫిల్టర్ల బెడద ఏ ఆటోనగర్‌లో అడిగినా చెబుతారు. పైన రంగూ పేరూ అచ్చం ఒకటే, లోపల కాగితం సగమే. పూడిన ఫిల్టర్‌లో రక్షణ వాల్వు తెరుచుకుంటుందని, అప్పటినుంచి వడకట్టని ఆయిలే బేరింగులకి పోతుందని చాలామంది యజమానులకి తెలియదు. లైటు వెలగదు, చప్పుడు రాదు.

రెండో ముద్దాయి చలి. మండే ఎండల్లో నడిచే లారీకి చలేమిటని అడగొచ్చు. ఇక్కడ చలి అంటే ఇంజన్ లోపలి చలి. 1930లలో బ్రిటన్‌లో ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం చేయించిన ప్రయోగాల్లో, సిలిండర్ గోడ చల్లగా ఉన్నప్పుడు అరుగుదల ఒక్కసారిగా పెరుగుతుందని తేలింది. అంతవరకూ ఆయిల్ చేరకముందే లోహాలు రాసుకోవడం వల్ల అనుకున్నారు. అసలు కారణం రసాయనం. ఇంధనం మండితే నీటి ఆవిరి పుడుతుంది, ఇంధనంలో గంధకం ఉంటే దాని ఆక్సైడ్లూ పుడతాయి. గోడ వేడిగా ఉంటే రెండూ పొగగొట్టంలోంచి పోతాయి. చల్లగా ఉంటే గోడ మీద చెమ్మగా దిగి సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతాయి. ఆమ్లం తిన్న లోహాన్ని రింగు వచ్చి తుడుచుకుపోతుంది, కింద మళ్లీ కొత్త లోహం బయటపడుతుంది.

మనదేశంలో 1990ల మొదట్లో డీజిల్‌లో గంధకం ఒక శాతం దాకా ఉండొచ్చని ప్రమాణమే ఒప్పుకునేది, అంటే 10,000 పీపీఎం. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా 50, 2020 ఏప్రిల్ నుంచి 10. ముప్పై ఏళ్లలో వెయ్యో వంతుకి దిగింది. లైనర్ల ఆయుష్షు పెంచిన చర్యల్లో ఇంతకన్నా పెద్దది లేదేమో. అది జరిగింది ఏ ఇంజన్ ఫ్యాక్టరీలోనూ కాదు, రిఫైనరీల్లో. ఆశించిందీ లైనర్ల మేలు కాదు, నగరాల గాలి.

గంధకం ఎక్కువున్న ఆ రోజుల్లోనే మన లారీల్లో థర్మోస్టాట్ పీకెయ్యడం మామూలు విషయంగా ఉండేది. శ్రీశైలం ఘాట్‌లోనో మారేడుమిల్లి ఘాట్‌లోనో బండి మరిగితే నష్టం కళ్ళకి కనపడుతుంది. చల్లగా నడిచి అరిగితే కనపడదు. కాబట్టి డ్రైవరు భయపడ్డది మరగడానికే. బైపాస్ దారి ఉన్న ఇంజన్లలో థర్మోస్టాట్ తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొంత నీరు రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగొస్తుంది. బరువుతో ఎత్తెక్కేటప్పుడు అలాంటి ఇంజన్ ఇంకా త్వరగా మరుగుతుంది. భయపడి చేసిన పని భయాన్నే నిజం చేస్తుంది. గంధకం పోయింది కదా, ఇప్పుడు ఫరవాలేదా అంటే, లేదు. చల్లటి ఇంజన్‌లో డీజిల్ సరిగ్గా మండక ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది, మసి పెరుగుతుంది, పొగలో కొంత వెనక్కి తిప్పే ఈజీఆర్ ఉన్న ఇంజన్‌లో నైట్రిక్ ఆమ్లపు చెమ్మ కూడా తోడవుతుంది.

బండి నిలిపి ఇంజన్ ఆన్‌లో ఉంచడం కూడా ఈ పద్దులోకే వస్తుంది. పొద్దున్నే పావుగంట ఐడిల్‌లో ఉంచి ఇంజన్‌ని వేడి చేయడం పెద్ద మేస్త్రీలు నేర్పిన మర్యాద. డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో వేడెక్కదు. ఆయిల్ ఒత్తిడి నిలిచాక ఒకటి రెండు నిమిషాల్లో కదిలి, వేడెక్కేదాకా బరువు పెట్టకుండా నడపడమే దాన్ని త్వరగా వేడెక్కించే దారి. మన వాతావరణానికి అంతకన్నా అక్కర్లేదు. అరుగుదలలో ముప్పావు వంతు స్టార్టింగ్‌లోనే జరుగుతుందనే మాట ఆయిల్ ప్రకటనల్లో వింటుంటాం. రోజుకి పదిసార్లు ఆపి మళ్లీ స్టార్ట్ చేసే, మంచు దేశపు కారుకి అది కొంత సరిపోతుందేమో. ఒకసారి స్టార్ట్ చేస్తే అయిదారొందల కిలోమీటర్లు పోయే లారీకి ఆ లెక్క అతకదు. ఇంకో కొత్త సంగతి: 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి. డ్రైవర్లకి ఎప్పుడో రావాల్సిన సౌకర్యం అది. కానీ ధాబా దగ్గర రాత్రంతా ఏసీ కోసం ఇంజన్ నడిస్తే ఆ గంటలు మీటర్ మీద కిలోమీటర్లుగా కనపడవు. ఆయిల్ మార్చే లెక్క ఇకనుంచి కిలోమీటర్లతో పాటు ఇంజన్ గంటల మీద కూడా వేసుకోక తప్పదు.

మసి సంగతిలోనే పరిశోధకుల మధ్య అసలు వాదం నడిచింది. 1977లో జనరల్ మోటార్స్‌కి చెందిన ఫ్రెడ్ రౌండ్స్, డీజిల్ ఇంజన్ అరుగుదలకి కార్బనే కారణమా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి ఒక పత్రం చదివాడు. ఆయిల్‌లో జెడ్‌డీడీపీ అనే జింకు, ఫాస్ఫరస్ రసాయనం ఉంటుంది. పొర తెగిన చోట అది లోహం మీద గాజులాంటి సన్నటి కవచం కడుతుంది. మసి ఆ రసాయనాన్ని తానే పీల్చుకుని లోహానికి మిగలనివ్వదని రౌండ్స్ వాదన. తరవాతివాళ్లు అంత సుళువుగా ఒప్పుకోలేదు. మసి గరుకుగా ఉండి కవచాన్నే గీకేస్తోందన్నారు కొందరు. ఈ శతాబ్దంలో లండన్ ఇంపీరియల్ కాలేజ్ ప్రయోగాల్లో ఇంకా చిత్రమైనది కనపడింది. మసి ఉన్న ఆయిల్‌లో జెడ్‌డీడీపీ కూడా ఉంటే, ఒక్కోసారి అది అసలు లేనప్పటికన్నా ఎక్కువ అరుగుతోంది. రసాయనం కవచం కట్టబోతుంది, మసి దాన్ని వెంటనే గీకేస్తుంది, గీకినప్పుడల్లా కొంత ఇనుము దానితోపాటే పోతుంది. కవచం కట్టే పనే లోహాన్ని తినే పనవుతుంది. నాకు ఈ మూడో వాదం బలంగా తోస్తుంది. ఎందుకంటే మసి పెరిగిన ఇంజన్లలో క్యాములూ రాకర్లూ అంత నున్నగా, మెరుస్తూ అరగడాన్ని మొదటి రెండిటికన్నా ఇదే బాగా వివరిస్తుంది.

వాదం ఎలా ఉన్నా వ్యవహారం ఆగలేదు. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి పొగలో కొంత వెనక్కి తిప్పి ఇంజన్‌కే పెట్టే ఈజీఆర్ అమెరికా లారీల్లో 2002లో విరివిగా వచ్చింది. ఆయిల్‌లో మసి పెరిగింది. దాన్ని ముద్దకట్టనివ్వకుండా విడదీసి ఉంచే ఆయిళ్లు కావాల్సి వచ్చి అదే ఏడు సీఐ-4, 2006లో సీజే-4, 2016 చివర సీకే-4 ప్రమాణాలు వచ్చాయి. మనకి 2020లో బీఎస్-6తో ఆ పాఠమంతా ఒక్క గుక్కలో మింగాల్సి వచ్చింది. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉన్న బండిలో, ఆయిల్ మండగా మిగిలిన బూడిద ఆ ఫిల్టర్‌ని పూడ్చేస్తుంది. కాబట్టి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పొయ్యాలి. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉందా లేదా అని మాత్రమే చూసి కొనే కాలం పోయింది. అది చిక్కదనం ఒక్కటే చెబుతుంది. సీకే-4 అన్న అక్షరాలు ఉన్నాయా అన్నదే చూడాలి. ఇంధనం ఆదా కోసం ఇంకా పలచటి ఆయిళ్లు కూడా వస్తున్నాయి. వాటికి తగ్గట్టు గీసిన ఇంజన్‌కి అవి మంచివే. పాత ఇంజన్‌లో పోస్తే బేరింగులకి పొర చాలదు.

బయటినుంచి లైనర్‌ని తినేది మరొకటి ఉంది. నీళ్లలో నిలబడే వెట్ లైనర్‌ని పిస్టన్ పక్కకి తన్నిన ప్రతిసారీ అది గంటలా అదురుతుంది. ఆ అదురుకి నీటిలో సన్నటి బుడగలు పుట్టి, మరుక్షణం లైనర్ గోడ మీదే పగులుతాయి. పగిలే చోట పుట్టే ఒత్తిడి ఇనుములో గుంట పెడుతుంది. గుంట లోతై చివరికి బెజ్జం పడుతుంది, నీరు ఆయిల్‌లో కలుస్తుంది. పిస్టన్ తన్నే వైపునే ఈ గుంటలు వరసగా ఉంటాయి కాబట్టి చూడగానే గుర్తుపట్టొచ్చు. తుప్పని కొట్టిపారెయ్యడం పొరపాటు. కూలెంట్‌లో నైట్రైట్, మాలిబ్డేట్ వంటి రసాయనాలు లోహం మీద పలచటి పొర కట్టి ఆ దెబ్బని తామే తింటాయి. మన దారుల్లో రేడియేటర్‌లో పోసేది మాత్రం దొరికిన బోరు నీళ్లు. పల్నాడు, నల్లగొండ బోరు నీటి కాఠిన్యం గురించి అక్కడి ఇంటి గిన్నెలే చెబుతాయి. ఆ సున్నం లైనర్ చుట్టూ పేరుకుంటే వేడి బయటికి పోదు, లోపల ఆయిల్ పొర పలచబడి రింగు పట్టేస్తుంది. కూలెంట్‌కి పెట్టే డబ్బు చలి దేశాల ఖర్చని మనవాళ్ల అభిప్రాయం. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో మనకి అక్కర్లేని ఒక్కటి మాత్రమే.

డీజిల్ శుభ్రత గురించి పాత ఇంజన్లు పెద్దగా పట్టించుకునేవి కావు. కామన్ రైల్ వచ్చాక పట్టించుకోక తప్పదు. రెండు వేల బార్ల ఒత్తిడి, ఇంజెక్టర్ లోపల రెండు మూడు మైక్రాన్ల సందు. క్వారీలో డ్రమ్ములోంచి పైపుతో లాగి పోసే డీజిల్‌లో ఉండే నీటిచుక్క ఆ సందులో తుప్పు పుట్టిస్తుంది. గంధకం తీసే ప్రక్రియలో డీజిల్‌కి సహజంగా ఉన్న జిడ్డుతనం కూడా పోతుంది. 1990ల మొదట్లో స్వీడన్‌లో గంధకం దాదాపు లేని డీజిల్ తెచ్చినప్పుడు ఇంజెక్షన్ పంపులు పాడయ్యాయి. దానితో ఒక పరీక్ష పుట్టింది. డీజిల్‌లో ముంచిన పలక మీద ఉక్కు గుండుని 75 నిమిషాలు రుద్ది, గుండు మీద పడిన మచ్చ కొలుస్తారు. 460 మైక్రాన్లు దాటకూడదు. మన ప్రమాణమూ అదే. ఆ హద్దుకి తగ్గట్టు రిఫైనరీలోనే మందు కలిపి పంపుతారు కాబట్టి టాంకులో టూటీ ఆయిల్ కలపడం అనవసరం. బీఎస్-6 బండిలో అయితే బూడిద రూపంలో హాని కూడా. పొద్దున్నే నీటి సెపరేటర్ కింది స్క్రూ తిప్పి రెండు చుక్కలు వదలడం అంతకన్నా మేలు.

లోహాల్లో వచ్చిన మెరుగుదల గురించి ఎక్కువ చెప్పను. అది ఫ్యాక్టరీ చేతిలోది, లారీ యజమాని చేతిలోది కాదు. క్రోము రింగులు, నైట్రైడ్ చేసిన ఉక్కు రింగులు, పిస్టన్ నెత్తిన పేరుకునే కార్బన్ లైనర్‌ని రాయకుండా పైన బిగించే యాంటీ పాలిషింగ్ రింగు, ఇవన్నీ ఆ పై పట్టీని కాపాడటానికే. షెడ్లో తెలిసుండాల్సింది ఒకటుంది. అద్దంలా మెరిసే లైనర్ మంచి లైనర్ కాదు. ఆయిల్ నిలవడానికి అడ్డగీతలు కావాలి, వాటి కొసలు మాత్రం నున్నగా ఉండాలి. హానింగ్ చేయకుండా మెరిసే బోరులో కొత్త రింగులు దించితే అవి కుదురుకోవు. హానింగ్ చేసి సబ్బునీళ్లతో కడగకపోతే హానింగ్ రాయి వదిలిన పొడే మొదటి వెయ్యి కిలోమీటర్లలో కొత్త రింగుల్ని తింటుంది.

ఆయిల్‌లో కలిపే సీసాల విషయానికొస్తే, టెఫ్లాన్ పొడి కలిపి అరుగుదల తగ్గిస్తామని చెప్పుకున్న స్లిక్ 50 మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. 1997లో రాజీ కుదిరి, రుజువుల్లేకుండా అలాంటి మాటలు చెప్పబోమని కంపెనీ ఒప్పుకుంది. మాలిబ్డినం, టంగ్‌స్టన్ సల్ఫైడ్ల నానో రేణువులతో ఇప్పుడు ప్రయోగశాలల్లో మంచి ఫలితాలే వస్తున్నాయి. కానీ బల్ల మీద గంటసేపు రుద్దిన గుండు ఒకటి, మసీ ఆమ్లమూ డీజిలూ కలిసిన ఆయిల్‌తో రెండేళ్లు తిరిగిన ఇంజన్ మరొకటి. పేరున్న ఆయిల్‌లో రసాయనాలన్నీ ఒకదానికొకటి సరితూగేలా ముందే కలిపి ఉంటాయి. సీసాలోది ఆ తూకాన్ని చెడగొట్టొచ్చు. ఆ డబ్బుతో రెండు క్లాంపులు, ఒక గొట్టం వస్తాయి.

నడకలో రెండే తప్పులు అరుగుదలకి నేరుగా తగులుతాయి. పెద్ద గేరులో, తక్కువ తిరుగుడులో, నిండు బరువుతో ఇంజన్‌ని గునిపించడం మొదటిది. బరువు ఎక్కువ, వేగం తక్కువ కాబట్టి స్ట్రైబెక్ చెప్పినట్టే బేరింగుల్లో పొర తెగుతుంది. మైలేజీ కోసం చేసే పని బేరింగ్ మెటల్స్‌తో చెల్లు పెడుతుంది. ఎత్తెక్కి రాగానే టక్కున ఆపెయ్యడం రెండోది. నిమిషానికి లక్ష సార్ల దాకా తిరిగే టర్బో షాఫ్టు ఆయిల్ లేకుండా నిలిచి, ఉన్న కాస్త ఆయిలూ అక్కడే మాడి బొగ్గవుతుంది.

ఇన్ని కారణాల్లో ఈ బండికి ఏది తగులుతోందో తెలుసుకోవడమెలా? హెడ్ ఎత్తకుండా చూడటానికి ఉన్న దారి వాడిన ఆయిల్ పరీక్ష. 1940లలో అమెరికన్ రైల్వేలు డీజిల్ లోకోల కోసం మొదలుపెట్టాయి. ఐరోపాలో దూరం పోయే లారీలకి ఆయిల్ మార్పు లక్ష కిలోమీటర్ల దాకా సాగదీయగలిగారంటే దీనిలాంటి పరీక్షల ధైర్యంతోనే. మన చిన్న యజమానులు దీన్ని పెద్ద కంపెనీల ముచ్చటగా చూస్తారు. లైనర్ కిట్టు, లేత్ పని, బండి షెడ్లో నిలిచిన రోజుల ఈఎంఐ కలిపితే దీని ఖర్చు లెక్కలోకి రాదు. ఆయిల్‌లో ఇనుము, సిలికాన్ కలిసి పెరిగితే దుమ్ము పోతున్నట్టు. గాలి గొట్టం చూడాలి. సీసం, రాగి పెరిగితే బేరింగులు. సోడియం, పొటాషియం కనపడితే కూలెంట్ దిగుతున్నట్టు. చిక్కదనం పడిపోతే డీజిల్ కలుస్తోంది. ఇంజెక్టరో ఐడిలింగో చూసుకోవాలి. కొత్తగా ఇంజన్ పని చేయించిన బండిలో సిలికాన్ ఒక్కటే ఎక్కువ కనపడితే బెదరనక్కర్లేదు, గాస్కెట్లకి పూసిన సిలికాన్ పేస్టు నుంచీ అది వస్తుంది. నమూనా వేడి ఇంజన్ నుంచి, డ్రెయిన్ మొదలైన కాసేపటికి, శుభ్రమైన సీసాలో పట్టాలి. సీసా మీద బండి నంబరుతో పాటు కిలోమీటర్లూ, ఆయిల్ పోసిన తేదీ, మధ్యలో ఎంత పోశారో రాయాలి. మొదటి రిపోర్టు చూసి ఏమీ తేల్చుకోలేం. మూడోది వచ్చేసరికి ఇనుము గీత ఎటు పోతోందో తెలుస్తుంది.